దెబ్బను ఓర్చే పొందిక

పసుపు రంగు పొడి అది. నీళ్లలో కరగదు. మామూలు ద్రావకాలకు దాదాపు లొంగదు. 350 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు వేడెక్కేదాకా నిలకడగా ఉంటుంది. పొట్టి పేరు టీఏటీబీ, విప్పి చెబితే ట్రైఅమైనో ట్రైనైట్రో బెంజీన్. రసాయనవేత్తలకు 1888 నుంచే పరిచయమున్న పేలుడు పదార్థమైనా, దాని లోపలి అమరిక 1965లో గానీ వెలుగు చూడలేదు. ఆ ఏడాది అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాలలో హోవర్డ్ కేడీ, అలెన్ లార్సన్ అనే ఇద్దరు దాని స్ఫటికం మీదికి ఎక్స్-కిరణాలు పంపి, చెదిరిన కిరణాల జాడ పట్టి, ఏ పరమాణువు ఎక్కడుందో గీసి చూపించారు. ఆ బొమ్మను ఒక కావ్యాన్ని చదివినట్టు చదవాలి. అందులో అనవసరమైన గీత ఒక్కటి లేదు.

ఆరు కార్బన్ల వలయం. దాని ఆరు మూలల్లో ఒకటి విడిచి ఒకటిగా మూడు నైట్రో సమూహాలు, మూడు అమైనో సమూహాలు. నైట్రోలో ఆక్సిజన్ ఉంది, పేలడానికి కావలసిన కసి అక్కడే దాగి ఉంది. అమైనోలో హైడ్రోజన్లున్నాయి. ప్రతి అమైనో తన రెండు హైడ్రోజన్లనూ చెరో పక్కనున్న నైట్రోల వైపు చాచి, వాటి ఆక్సిజన్లను పట్టి ఉంచుతుంది. దాంతో ఏ సమూహమూ పైకి లేవదు, కిందికి వాలదు. అణువంతా బల్లపరుపుగా పరుచుకుంటుంది. అవే హైడ్రోజన్లు, అవే ఆక్సిజన్లు అంతటితో ఆగకుండా పొరుగు అణువులతోనూ చేయి కలుపుతాయి. ఒక్కో అణువు చుట్టూ ఆరు అణువులు, అన్నీ అదే తలంలో. ఆ ఆరింటిలో ప్రతిదాని చుట్టూ మళ్లీ ఆరు. అలా ఎంత దూరం పోయినా తెగని ఒక పొర. దాని మీద మూడు ఆంగ్‌స్ట్రామ్‌లకు కాస్త పైబడిన ఎడంలో మరో పొర, ఆపైన ఇంకొకటి. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు. పొర లోపల పట్టు గట్టిది. పొరకూ పొరకూ నడుమ మాత్రం ఒక్క హైడ్రోజన్ బంధమైనా లేదు, ఒకదానిమీద ఒకటి పడుకుని ఉండగల మెత్తని ఆకర్షణ తప్ప.

ఈ అమరిక ఏం చేస్తుందో పట్టికల్లో కనిపిస్తుంది. పేలుడు పదార్థాల ఓర్పును కొలవడానికి కొంచెం పొడిని దిమ్మె మీద ఉంచి పై నుంచి బరువు వదిలి చూస్తారు. రాకెట్ ఇంధనాల్లో వాడే హెచ్‌ఎంఎక్స్‌కు ప్రామాణిక పట్టికల్లో కనిపించే విలువ 7.4 జౌళ్లు. ఐదు కిలోల బరువు పదిహేను సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడితే వచ్చే దెబ్బ అది. టీఎన్‌టీకి 15 జౌళ్లు. టీఏటీబీకి 50. అంటే అదే ఐదు కిలోలు ఒక మీటరు ఎత్తు నుంచి పడాలి. అలాగని అది చేవలేని పదార్థం కాదు. సరిగా రేపితే దానిలో పేలుడు తరంగం సెకనుకు ఏడు కిలోమీటర్లకు మించిన వేగంతో పరుగెడుతుంది. శక్తి విషయంలో టీఎన్‌టీని మించినది, ఓర్పు విషయంలో దానికి మూడింతలైనది. ఈ రెండు గుణాలూ ఒకే గూట్లో ఇమిడాయి. ఇమిడ్చిన ఘనతలో పెద్ద వాటా ఆ పొరలదే.

ఒక వస్తువు ఎందుకు అందంగా ఉందో చెప్పడం కష్టమని మనం తరచూ చేతులెత్తేస్తాం. ఇక్కడ ఆ అవసరం లేదు. టీఏటీబీలో కన్ను ఏ అమరికను చూసి తృప్తి పడుతుందో, ఆ అమరికే చేతిని కాపాడుతోంది. రూపం చేసే పని ఇంత తేటగా కనపడే చోట్లు ప్రకృతిలో ఎక్కువ లేవు.

దెబ్బ తగిలినప్పుడు లోపల జరిగేది తెలిస్తే ఈ మాట బలం తెలుస్తుంది. కేంబ్రిడ్జిలో ఫిలిప్ బౌడెన్, అబ్రహాం యోఫీ ఏళ్ల తరబడి పరిశీలించి 1952లో ఒక గ్రంథం వెలువరించారు. వారు చెప్పిందిది: దెబ్బలోని శక్తి ముద్దంతటా సమంగా పంచుకుపోతే ఉష్ణోగ్రత పెరిగేది స్వల్పం, ఏ ప్రమాదమూ ఉండదు. చిక్కంతా అది సమంగా పంచుకుపోకపోవడంలోనే ఉంది. స్ఫటికం లోపలి చిన్న ఖాళీ ఒకటి నలిగి మూసుకుపోతుంది. రెండు అంచులు ఒరుసుకుంటాయి. ఒక తలం మొండికేసి కదలక, ఉన్నట్టుండి తెగుతుంది. అప్పుడు కొద్ది మైక్రాన్ల వెడల్పున్న చోట శక్తి పోగుపడి, అక్కడ మాత్రం ఉష్ణోగ్రత వందల డిగ్రీలు ఎగబాకుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని హాట్ స్పాట్ అంటారు. ఆ వేడి చుట్టూ పాకి చల్లారేలోపు రసాయన చర్య అందుకుందా, పేలుడే. కాబట్టి ఏ స్ఫటికాన్నైనా మనం అడగవలసింది ఒక్కటే: నీ మీద పడ్డ దెబ్బను పంచుతావా, పోగుచేస్తావా?

టీఏటీబీ పంచుతుంది. పక్క నుంచి తోస్తే పొర మీద పొర జారుతుంది. జారడానికి ఏ బంధమూ తెగనక్కరలేదు, ఏ అణువూ పక్క అణువు మీదికి ఎక్కనక్కరలేదు. చైనాలో చావోయాంగ్ జాంగ్ వంటి పరిశోధకులు కంప్యూటర్ గణనలతో వివిధ పేలుడు స్ఫటికాల్లో ఈ జారుడు ఖర్చును లెక్కగట్టారు. చదునైన పొరలున్న చోట ఆ ఖర్చు తక్కువ. అణువులు ఒకదాని సందులో ఒకటి అడ్డదిడ్డంగా ఇరుక్కున్న చోట ఎక్కువ. అక్కడ జరగమని బలవంతం చేస్తే అణువులు ఒకదాన్నొకటి నలిపేసుకుంటాయి. ఆ నలుగుడులోనే నిప్పు పుడుతుంది. స్వీడన్ రక్షణ పరిశోధకులు 1998లో లోకానికి చూపిన ఫాక్స్-7 అనే పదార్థంలో పొరలు చదునుగా కాక అలలుగా ఉన్నాయి. హైడ్రోజన్ బంధాలు అక్కడా పొర లోపలే. దాని ఓర్పు హెచ్‌ఎంఎక్స్ కంటే బాగా మెరుగు, టీఏటీబీ కంటే తక్కువ. పొర ఎంత చదునైతే జారుడు అంత సుఖం అన్నమాటకు ఈ అల చక్కని సాక్ష్యం.

ఈ పాఠం రాతిలోనే దొరికే చోటు హైదరాబాద్‌లో ఉంది. 1939లో తెరిచిన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనం గులాబి గ్రానైట్‌ది. గ్రానైట్‌లో గులాబి రంగు ఫెల్డ్‌స్పార్‌ది, గాజులాంటి మెరుపు క్వార్ట్జ్‌ది. మధ్యమధ్య నల్లగా తళుక్కుమనే చిన్న రేకులు అభ్రకానివి. క్వార్ట్జ్‌లోనూ సిలికాన్, ఆక్సిజనే. అభ్రకానికీ ఆధారం సిలికాన్, ఆక్సిజనే. అయితే క్వార్ట్జ్‌లో అవి అన్ని దిక్కులకూ సమానంగా అల్లుకున్నాయి కనుక దానికి తేలిగ్గా చీలే తలమంటూ లేదు. కొడితే వంకరటింకర ముక్కలవుతుంది. అభ్రకంలో అవి పొరలుగా పరుచుకున్నాయి. గూడూరు గనుల నుంచి వచ్చిన అభ్రకపు దిమ్మెను చూసినవారికి తెలుసు, గోటి కొనతో రేకు తర్వాత రేకు లేపవచ్చు. పరమాణువుల పేర్లు చదివితే ఈ తేడా తెలియదు. అవి ఎలా కూర్చున్నాయో చూడాలి.

ఆ చూపును తెలుగునేలకు నేర్పినవారిలో ముందు తలచుకోవలసిన పేరు సూరి భగవంతం. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాద్ నిజాం కళాశాలలో చదివి, కలకత్తాలో సి.వి. రామన్ వద్ద శిష్యరికం చేసి, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్రం బోధించారు. స్ఫటికంలోని సౌష్ఠవాన్ని తెలుసుకుంటే, దాని మీద పడిన కాంతి ఏ ఏ కంపనాలతో చెదరి తిరిగి వస్తుందో లెక్కగట్టవచ్చని టి. వెంకటరాయుడుతో కలిసి 1939లో చూపించారు. సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయించే వారిద్దరి పుస్తకం 1948లో వాల్తేరులోనే వెలువడింది. 1940ల్లో జె. భీమసేనాచార్‌తో కలిసి వజ్రం ఏ దిక్కున ఎంత బిగువో, ఏ దిక్కున ఎంత లొంగుతుందో తెలిపే స్థిరాంకాలను కొలిచారు. 1950ల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతి. 1961 నుంచి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు, అంటే దేశపు రక్షణ పరిశోధన సంస్థకు పెద్దదిక్కు. ఆ బాధ్యతల నడుమనే 1966లో స్ఫటిక సౌష్ఠవానికీ భౌతిక ధర్మాలకూ ఉన్న సంబంధం మీద ఆయన గ్రంథం వచ్చింది. ఆయుధాల దస్త్రాలు చూసే మనిషి స్ఫటికాల పొందిక గురించి పుస్తకం రాయడంలో ఎంత ఔచిత్యముందో, పేలుడు స్ఫటికాల కథ తెలిశాక గాని పూర్తిగా అర్థం కాదు.

ఉస్మానియా ప్రాంగణం దాటితే తార్నాక. అక్కడి భారతీయ రసాయన సాంకేతిక సంస్థను అందరూ ఐఐసీటీ అనే అంటారు. 1944లో నిజాం పాలనలో కేంద్ర ప్రయోగశాలలుగా మొదలై, తర్వాత ప్రాంతీయ పరిశోధనాశాలగా మారి, 1989లో ఇప్పటి పేరు పెట్టుకుంది. అక్కడ ఎక్స్-కిరణ స్ఫటికశాస్త్ర విభాగం ఉంది. మందుబిళ్లల్లో వాడే ఔషధ అణువు ఏ రూపంలో స్ఫటికమైందో, మరో అణువుతో కలిపి స్ఫటికం చేస్తే ఏమవుతుందో చూడటం అక్కడి పరిశోధకులు చేసే పనుల్లో ఒకటి. ఔషధానికీ పేలుడు పదార్థానికీ ఏమిటి చుట్టరికం అనిపించవచ్చు. రెండు చోట్లా అడిగే ప్రశ్న ఒకటే: అణువు మార్చకుండా అమరిక మారిస్తే గుణం ఎంత మారుతుంది? ఔషధంలో మారేది కరిగే తీరు. పేలుడు పదార్థంలో మారేది ప్రాణాలతో ఉండటమా లేదా అన్నది.

ఇక్కడ మన ఆలంకారికుల మాట ఒకటి అక్కరకొస్తుంది. ఓరుగల్లులో కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలో ఉండిన విద్యానాథుడు తన ప్రతాపరుద్రీయంలో కావ్యగుణాలతో పాటు శయ్యను లెక్కించాడు. పదాలు ఒకదానికొకటి ఎంత అనుకూలంగా ఒదగాలంటే, ఒకదాన్ని తీసి పర్యాయపదం పెట్టినా పొందిక చెడాలి. అర్థం మారకపోవచ్చు, పద్యం మాత్రం మారిపోతుంది. అణువుకు ఈ కొలత సరిగ్గా సరిపోతుంది. స్ఫటికంలో అర్థం అణువుదే, నడక మాత్రం శయ్యది. టీఏటీబీ నుంచి అమైనో సమూహాలను ఒక్కొక్కటిగా తీసేస్తూ పోతే మిగిలే అణువులు ఒకే కుటుంబానివే, పేలే గుణమున్నవే. ఒక్కో అమైనో పోయిన కొద్దీ ఓర్పు మాత్రం తగ్గుతూ వస్తుంది. పొరుగుతో మైత్రి తగ్గింది కదా.

హెచ్‌ఎంఎక్స్ ఈ విషయంలో ఇంకా లోతైన పాఠం. అది ఒకే అణువు, నాలుగు రూపాలుగా స్ఫటికమవుతుంది. వాటిలో బీటా రూపం మామూలు ఉష్ణోగ్రతల్లో నిలకడైనది, సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.90 గ్రాములు. అందులో ఎనిమిది పరమాణువుల వలయం కుదురుగా మడుచుకుని, నైట్రోలు రెండు పక్కలకూ సమంగా పంచుకుని ఉంటాయి. 160 డిగ్రీల పైచిలుకు వేడిలో అది డెల్టా రూపంలోకి మళ్లుతుంది. వలయం మెలితిరుగుతుంది, నైట్రోలన్నీ ఒక పక్కకు చేరతాయి. సాంద్రత 1.78కి పడిపోతుంది. స్ఫటికం దాదాపు ఏడు శాతం ఉబ్బి, లోపల పగుళ్లు పడతాయి. ఓర్పు తగ్గిపోతుంది. లాస్ అలమాస్ పరిశోధకులు ఈ మార్పును కాంతితోనే పట్టుకున్నారు. బీటా స్ఫటికానికి కేంద్ర సౌష్ఠవం ఉంది, డెల్టాకు లేదు. కేంద్ర సౌష్ఠవం లేని స్ఫటికం గుండా పరారుణ లేజర్ పంపితే, అందులో కొంత రెట్టింపు పౌనఃపున్యంతో ఆకుపచ్చ కాంతిగా బయటికొస్తుంది. అంటే స్ఫటికం ప్రమాద రూపంలోకి మళ్లిన మేరకు ఆకుపచ్చ వెలుగు పుంజుకుంటుంది. పదార్థం తన మనసు మారుతోందని తానే చెప్పిన సందర్భమిది. రెండు రూపాలను రామన్ వర్ణపటంతోనూ వేరుపరచవచ్చు. ఏ సౌష్ఠవంలో ఏ గీతలు కనిపించాలో చెప్పే లెక్క భగవంతం, వెంకటరాయుడు వాల్తేరులో కూర్చి పెట్టినది.

సౌష్ఠవం పెరిగితే అందం పెరుగుతుందని, అందం పెరిగితే క్షేమమని తేల్చేయాలని మనసు ఉబలాటపడుతుంది. స్ఫటికాలు ఆ మాట ఒప్పుకోవు. డెల్టా హెచ్‌ఎంఎక్స్ షడ్భుజ వర్గానికి చెందినది. ఎంతో ఉన్నతమైన సౌష్ఠవం, అణువులు మరమేకు చుట్టులా తిరుగుతూ మెట్లెక్కుతాయి. బీటా దానికంటే తక్కువ సౌష్ఠవమున్న ఏకనత వర్గంలోది. వీటన్నిటికంటే ఓర్పున్న టీఏటీబీ స్ఫటిక వర్గాలన్నిటిలోకీ సౌష్ఠవం తక్కువైన త్రినత వర్గానిది. ఒక పొర మీద ఇంకో పొర నేరుగా కాక కాస్త ఓరగా పేర్చుకోవడం వల్ల అణువులోని మూడు మడతల సౌష్ఠవం స్ఫటికంలో మిగలలేదు. ఆ చిన్న ఓర తేడాను లోపం అనుకోకూడదు. లెక్కలో చూస్తే సౌష్ఠవం తగ్గింది, అయినా పొరలు హాయిగా ఒదిగాయి. అలంకారాలు లెక్కపెట్టి పద్యానికి మార్కులేసే విమర్శకుడు ఇక్కడ ఓడిపోతాడు. చూడవలసింది ఔచిత్యం. దేనికి ఏది తగినదో అది అక్కడ ఉండటం.

దిక్కు మారితే గుణం మారే ముచ్చట ఇంకా విచిత్రం. లాస్ అలమాస్‌లోనే జెరీ డిక్ 1984లో పీఈటీఎన్ అనే పదార్థపు ఒంటి స్ఫటికాల మీద పరీక్షలు చేశాడు. అదే స్ఫటికం, అంతే తీవ్రతగల ఆఘాత తరంగం. కొన్ని దిక్కుల్లో పంపితే పేలుతుంది, మరికొన్ని దిక్కుల్లో ఓర్చుకుంటుంది. ఓర్చే దిక్కున అణువులు ఒకదాని పక్కనుంచి మరొకటి జరిగిపోవడానికి సందుంది. పేలే దిక్కున ఒకదాని కొమ్మలు మరొకదాని కొమ్మల్లో చిక్కుకుంటాయి. అణువులో ఏ మార్పూ లేదు. మనం దాని దగ్గరికి వెళ్లిన తోవ మారిందంతే.

నగరపు పడమటి కొసన గచ్చిబౌలిలో 1974లో పుట్టిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ బండరాళ్లు ఇంకా పగలకుండా మిగిలాయి. 1979 నుంచి 2009 దాకా అక్కడ రసాయనశాస్త్రం బోధించిన గౌతమ్ దేశిరాజు క్రిస్టల్ ఇంజనీరింగ్ అనే విద్యకు ప్రపంచంలో ముఖ్యమైన పీఠం వేశారు. అణువుల మధ్య ఆకర్షణలను అర్థం చేసుకుని, ఆ ఎరుకతో కోరిన గుణమున్న స్ఫటికాన్ని రూపించడం ఆ విద్య. 1989లో వచ్చిన ఆయన పుస్తకం, 1995లో వచ్చిన వ్యాసం చదవని స్ఫటిక రసాయనవేత్త అరుదు. ఇక్కడొక అందమైన కలయిక ఉంది. క్రిస్టల్ ఇంజనీరింగ్ అనే మాటను తొలిసారి వాడినవాడు రే పెపిన్‌స్కీ, 1955లో. అదే కాలంలో ఐలాండ్ అనే సహచరుడితో కలిసి హెచ్‌ఎంఎక్స్ స్ఫటిక నిర్మాణాన్ని విప్పినవాడూ అతడే. స్ఫటికాన్ని మన చేతులతో రూపించవచ్చన్న ఊహ, పేలుడు స్ఫటికం లోపలికి చూసిన చూపు ఒకే మనిషిలో, ఒకే కాలంలో మొలిచాయి. ఆ ఊహ మూడు దశాబ్దాల తర్వాత గచ్చిబౌలిలో శాస్త్రంగా పెరిగింది.

అక్కడ జరిగిన పనుల్లో పేలుడు పదార్థాల పేరు ఎత్తకుండానే వాటి రహస్యం చెప్పిన పని ఒకటుంది. సి. మల్లారెడ్డి, కె.ఎ. పద్మనాభన్, దేశిరాజు తదితరులు 2005లో, 2006లో ప్రచురించిన పరిశోధన అది. సేంద్రియ స్ఫటికం అనగానే పెళుసుగా విరిగిపోతుందని అందరం అనుకుంటాం. వాళ్లు కొన్ని స్ఫటికాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి సూదితో నొక్కితే అవి వంగాయి, వంగినట్టే ఉండిపోయాయి. ఒక ముఖం మీద నొక్కితే వంగుతాయి, మరో ముఖం మీద నొక్కితే విరుగుతాయి. ఎందుకని వెతికితే సూత్రం దొరికింది. గట్టి ఆకర్షణలు ఒక దిక్కున, బలహీనమైనవి దానికి దాదాపు లంబదిక్కున ఉంటే స్ఫటికం వంగుతుంది. పొరలు తమ బిగువు విడవకుండా ఒకదానిమీద ఒకటి జరుగుతాయి. అన్ని దిక్కులా సమంగా బిగిసిన స్ఫటికం వంగడం ఎరుగదు కనుక విరుగుతుంది. హెక్సాక్లోరోబెంజీన్ వంటి పేలని పదార్థాల్లో కనిపెట్టిన ఈ సూత్రాన్ని తీసుకెళ్లి టీఏటీబీ పక్కన పెట్టి చూడండి. ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. పీఈటీఎన్‌లో జెరీ డిక్ చూసిన దిక్కుల తేడా కూడా ఈ వాక్యానికి మరో పాఠాంతరమే. రక్షణ పరిశోధన సంస్థ అండతో అధిక శక్తి పదార్థాల పరిశోధనా కేంద్రం ఏర్పడింది కూడా ఇదే ప్రాంగణంలో కావడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది.

స్ఫటికాన్ని రూపించవచ్చన్న మాటకు ప్రత్యక్ష నిదర్శనం సీఎల్-20. 1987లో అమెరికాలోని చైనా లేక్‌లో ఆర్నాల్డ్ నీల్సన్ తయారుచేసిన ఈ అణువు పంజరంలా ముడుచుకున్న నిర్మాణం. పంజరం నిండా బిగువు, చుట్టూ ఆరు నైట్రోలు. ఎప్సిలాన్ రూపంలో సాంద్రత 2.04. శక్తిలో మేటి, ఓర్పులో పేద. అణువును ముట్టుకుంటే శక్తి పోతుంది. అందుకని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఓనాస్ బోల్టన్, ఆడమ్ మాట్జర్ అణువును అలాగే ఉంచి పొరుగును మార్చారు. 2011లో సీఎల్-20, టీఎన్‌టీ అణువులు సరిసమానంగా కలిసి కూర్చున్న సహస్ఫటికాన్ని చేశారు. దాని ఓర్పు సీఎల్-20 కంటే రెట్టింపైంది. 2012లో రెండు సీఎల్-20 అణువులకు ఒక హెచ్‌ఎంఎక్స్ చొప్పున కూర్చారు. శక్తి హెచ్‌ఎంఎక్స్‌ను మించింది, ఓర్పు హెచ్‌ఎంఎక్స్‌తో సమంగా నిలిచింది. ఉగ్రస్వభావుడి పక్కన సరైన తోడును కూర్చోబెడితే సభ నిలబడుతుందని తెలిసిన సంవిధానకర్త చేసే పని ఇది.

ఈ అందాన్ని ఇంత తన్మయంగా చెప్పడానికి ఒక కారణం ఉంది. వెనక మృతులున్నారు. 1966లో స్పెయిన్‌లోని పలోమరెస్‌లో, 1968లో గ్రీన్‌లాండ్‌లోని థూలేలో అణ్వాయుధాలు మోస్తున్న విమానాలు కూలినప్పుడు అణువిస్ఫోటనం జరగలేదు గాని, ఆయుధాల్లోని మామూలు పేలుడు పదార్థం నేలను తాకి పేలి ప్లుటోనియాన్ని నేల మీదా మంచు మీదా చిమ్మింది. ఆ తర్వాతే దశాబ్దాలుగా మూలనున్న టీఏటీబీ పొరల వైపు గట్టి చూపు మళ్లింది. ఇంకో కొస మనకు మరీ దగ్గర. అమ్మోనియం నైట్రేట్ పొలానికి ఎరువు, గనికి పేలుడు మందు. దానికి మామూలు పీడనంలోనే అనేక స్ఫటిక రూపాలున్నాయి. వాటిలో ఒక మార్పు 32 డిగ్రీల దగ్గర జరుగుతుంది, ఘనపరిమాణం మూడు శాతానికి పైగా మారుతుంది. హైదరాబాద్ వేసవిలో పగలు ఆ గీత దాటని రోజు అరుదు. తేమ తగిలిన నిల్వ రోజూ ఉబ్బి, తగ్గి, ముద్దకట్టి బండబారుతుంది. 1921 సెప్టెంబరులో జర్మనీలోని ఒప్పావులో బండబారిన ఎరువు దిబ్బను పేలుడు మందుతో సడలించబోయారు, ఐదువందల మందికి పైగా చనిపోయారు. 2020 ఆగస్టు 4న బేరూత్ రేవులో 2,750 టన్నులు పేలాయి, రెండువందల మందికి పైగా బలయ్యారు. ఆ వారాల్లోనే చెన్నై దగ్గర ఏళ్లుగా పడివున్న దాదాపు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్‌ను కంటెయినర్లలో హైదరాబాద్‌కు తరలించారు. దారి పొడవునా లారీ నడిపినవారికి స్ఫటిక రూపాల గొడవ తెలియకపోవచ్చు. వాళ్ల ప్రాణం మాత్రం వాటి మీదే ఆధారపడింది.

టీఏటీబీని సైతం నిర్దోషి అనలేం. పొరలోని పట్టుకూ పొరల నడుమ పట్టుకూ అంత తేడా ఉన్నందున, వేడెక్కినప్పుడు అది ఎక్కువగా పొరలకు లంబదిక్కునే వ్యాకోచిస్తుంది. నొక్కి చేసిన దిమ్మెలను పదేపదే వేడిచేసి చల్లారిస్తే మునుపటి పరిమాణానికి తిరిగి రాకుండా కొంచెం కొంచెంగా పెరుగుతూ పోతాయి. ఓర్పునిచ్చిన గుణమే ఈ ఇబ్బందికీ మూలం. నాకు ఇందులో కళంకం కనిపించదు. ఒక రూపం తన గుణాన్ని దాచకుండా అన్ని చోట్లా ఒకే తీరుగా చూపడం నిజాయతీ. మంచి కావ్యంలోనూ బలం ఎక్కడుందో బలహీనత అక్కడే ఉంటుంది, రెండింటికీ ఒకే నిర్మాణం కారణం.

సాధారణంగా భద్రత అంటే మనం బయట నుంచి తొడిగేది అనుకుంటాం: గోడ, హెచ్చరిక బోర్డు, తొడుగు, నియమావళి. అవన్నీ కావాలి. మన రాష్ట్రంలోని పేలుడు పదార్థాల కర్మాగారాల్లో ప్రమాదం జరిగిన ప్రతిసారీ అవి ఇంకా కావాలని తెలుస్తుంది. స్ఫటికం చెప్పే మాట వీటికంటే మూలానికి వెళుతుంది: దెబ్బ తగిలాక ఆపడం కంటే, దెబ్బను పంచుకోగల రూపాన్ని ముందే కూర్చడం మేలు. కార్మికుడు ఏమరిచిన క్షణంలో కూడా ఆ కూర్పు ఏమరదు.

అందుకే టీఏటీబీ బొమ్మ రసాయనశాస్త్ర తరగతిలో పరీక్ష కోసం గీసే పటంగా మిగిలిపోకూడదు. భగవంతం లెక్కల్లోని సౌష్ఠవాన్ని, దేశిరాజు బృందం చూపిన వంగే స్ఫటికాన్ని, ఒక అణువు పక్కన ఇంకొకటి ఒదిగే తీరును కలిపి చదివే విద్యార్థి మన ప్రాంగణాల్లో తయారు కావాలి. ఉస్మానియాలో గానీ, తార్నాకలో గానీ, గచ్చిబౌలిలో గానీ ఆ విద్యకు కావలసినవన్నీ ఉన్నాయి. ఏ అమరిక అందంగా ఉందో గుర్తుపట్టగలిగిన కన్ను, ఏ అమరిక ఎవరిని కాపాడుతుందో కూడా గుర్తుపట్టగలదని ఈ స్ఫటికాలు నిరూపించాయి. అలాంటి కన్నును పెంచడం రసికుల పని, శాస్త్రవేత్తల పని కూడా.